గరిటెతో మొదలుపెడదాం: కొయ్య చెక్కడం నేర్చుకునేవారికి, నేర్పించదలచిన దాతలకు

చెక్కపని నేర్చుకుంటానని ఉత్సాహంగా వచ్చిన కుర్రవాడు నెల తిరగకముందే మానేస్తే "వాడికి ఆ పని అబ్బలేదు" అని తేల్చేస్తాం. ఏళ్ల తరబడి బడిలో పిల్లల చేతిపనులు చూస్తున్న మాకు ఆ మాట సబబుగా తోచదు. అలా అనేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. అతని చేతిలోని ఉలికి పదును ఉందా? అతనికిచ్చిన చెక్క కొత్తవాడు పట్టదగినదేనా? పక్కన కూర్చుని చెయ్యి సరిదిద్దే ఉస్తాద్ ఉన్నాడా? ఈ మూడింటిలో ఒక్కటి లోపించినా ఎంత తెలివైన పిల్లవాడైనా ఓడిపోతాడు. మూడూ ఉంటే చాలామంది నిలదొక్కుకుంటారు.

చేతిపని నేర్చుకునేవారికి మన దాతలు సాయం చేస్తూనే ఉన్నారు. పనిముట్లు కొనిస్తారు, ఫీజు కడతారు. అయితే ఏ పనిముట్టు ముందు కావాలో, ఏది తర్వాత కావాలో తెలిస్తే ఆ సాయం రెట్టింపు ఫలిస్తుంది. అందుకే కొయ్య చెక్కడం అనే పనిని మొదటి అడుగు నుంచి ఇక్కడ వివరిస్తున్నాం. నేర్చుకోదలచినవారికి ఇది పాఠంగానూ, నేర్పించదలచినవారికి లెక్కగానూ పనికివస్తుందని మా ఆశ.

ఉదయగిరి చెప్పే పాఠం

నెల్లూరు జిల్లాలోని ఉదయగిరి పేరు చెప్పగానే చాలామందికి కొండమీది దుర్గం గుర్తుకొస్తుంది. ఆ దుర్గం నీడలోనే మరో సంపద ఉంది. అది కొయ్యతో చేసే చెంచాలు, ఫోర్కులు, గరిటెలు, అట్లకాడలు. ఈ పని చేసేవారిలో ఎక్కువమంది ముస్లిం కుటుంబాలవారు. అందులోనూ ఆడవాళ్ల పాత్ర చాలా పెద్దది. నర్ది, బిక్కి, దేవదారి వంటి స్థానిక కలపతో చేసే ఈ వస్తువులకు 'ఉదయగిరి కొయ్య కట్లరీ' పేరిట భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంటే మరో ఊరివారు తమ సరుకును ఆ పేరుతో అమ్ముకోవడం కుదరదు.

కొత్తగా నేర్చుకునేవారికి ఉదయగిరి నుంచి ఒక మంచి పాఠం దొరుకుతుంది. చెక్కడం అనగానే మన కళ్లముందు తలుపుల మీది లతలు, పువ్వులు మెదులుతాయి. నేర్చుకునేవారూ అక్కడే మొదలుపెట్టాలనుకుంటారు. కానీ ఒక చిన్న చెంచాలో ఈ విద్యలోని ముఖ్యమైన పాఠాలన్నీ ఉన్నాయి. గుంట తీయాలి. వీపు గుండ్రంగా రావాలి. కాడ సన్నగా ఉండాలి, విరగకూడదు. కుడి ఎడమలు సమంగా కుదరాలి. పైగా చెంచా పాడైతే పోయేది జానెడు కొయ్య. తలుపు పలక పాడైతే నష్టం వేలల్లో ఉంటుంది.

ఊరిని బట్టి చెక్కే తీరు మారుతుంది. కొండపల్లిలో తెల్లపొణికి అనే తేలికైన కొయ్యతో బొమ్మ భాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఉత్తరప్రదేశ్‌లోని సహారన్‌పూర్ కారీగర్లు గట్టి శీషం కలప మీద సన్నని తీగలు, జాలీలు తీస్తారు. ఉదయగిరి చెంచా ఒకే ముక్కలోంచి వస్తుంది, అతుకు ఉండదు. కొండపల్లికి మెత్తని కొయ్య కావాలి, సహారన్‌పూర్‌కు గట్టిది కావాలి. కాబట్టి ఏం చేయబోతున్నామో తేల్చుకున్న తర్వాతే కలప సంగతి ఆలోచించాలి.

కొయ్యను ఎంచుకోవడం

కొత్తవారు సాధారణంగా ఇంట్లో మిగిలిన టేకు ముక్కతో మొదలుపెడతారు. టేకు మంచి కలపే, కానీ మొదటి పాఠానికి తగినది కాదు. అందులో ఇసుక జాతి ఖనిజం సహజంగానే ఉంటుంది. అది ఉలి పదునును త్వరగా తినేస్తుంది. తుమ్మ, చింత కలపలు బండి చక్రాలకూ, పనిముట్ల పిడులకూ పనికొచ్చేంత గట్టివి. వాటితో కొత్తవాడి మణికట్టు అలిసిపోతుంది.

మొదటి నెలల్లో అంకుడు, గుమ్మడి టేకు వంటి మెత్తని, సన్ననార కొయ్యలు మేలు. పొణికి ఇంకా మెత్తన. బొమ్మలకు బాగుంటుంది గానీ గరిటెకు చాలినంత బలం దానికి లేదు. చెయ్యి కాస్త కుదిరాక వేప, మామిడి పట్టవచ్చు. వేపలో నార అటూ ఇటూ అల్లుకుని ఉంటుంది కాబట్టి అది రెండో మెట్టు.

పచ్చికొయ్యా, ఎండు కొయ్యా అన్నది మరో ప్రశ్న. గరిటె వంటి చిన్న వస్తువులకు కొత్తగా కొట్టిన పచ్చికొయ్యే సులువు. కత్తి హాయిగా దిగుతుంది. కానీ మూడు జాగ్రత్తలు తీసుకోవాలి. కొమ్మ నడిమధ్య ఉండే బెండు భాగం గరిటెలో రాకూడదు, వస్తే అక్కడి నుంచే పగులుతుంది. పని సగంలో ఆపితే తడిగుడ్డలో చుట్టి పెట్టాలి. చెక్కడం ముగిశాక ఎండలో పెట్టకుండా కాగితంలో చుట్టి నీడలో నెమ్మదిగా ఆరనివ్వాలి. మన ఎండలకు ఒక్క మధ్యాహ్నం చాలు, మూడు రోజుల శ్రమ నిలువునా చీలిపోవడానికి. పలక మీద నగిషీ తీయాలంటే మాత్రం బాగా ఆరిన కలపే కావాలి. పలక అంగుళం మందం ఉంటే ఆరడానికి ఏడాది అని పాతకాలపు లెక్క.

వద్దన్నవి కూడా చెప్పాలి. గన్నేరు విషపు చెట్టు, దాంతో తినే వస్తువులు చేయకూడదు. ప్లైవుడ్ జిగురుతో అతికించినది. పాత ప్యాకింగ్ పెట్టెల చెక్కకు ఏ మందు పూశారో మనకు తెలియదు. ఈ రెండూ వంటింటికి పనికిరావు. రక్తచందనం ఎంత చిన్న ముక్కైనా ఎవరో ఇచ్చారని తీసుకోవద్దు. చట్టపరమైన అనుమతి కాగితాలు లేనిదే దాన్ని దగ్గర ఉంచుకోవడమే నేరమవుతుంది. సామిల్లులో, వడ్రంగి దుకాణంలో మిగిలే ముక్కలు, రోడ్డు పక్క చెట్ల కొమ్మలు నరికినప్పుడు అనుమతితో తెచ్చుకునే దుంగలు మొదట్లో చాలు.

నార వాలు: అసలు రహస్యం ఇదే

కొయ్య మట్టిముద్ద కాదు. అది పొడవాటి నారల కట్ట. చెట్టు ఎటు ఎదిగిందో నార అటు సాగుతుంది. ఈ ఒక్క మాట బుర్రకెక్కితే సగం పని వచ్చినట్టే.

మేక వీపు మీద తల నుంచి తోక వైపు చెయ్యి నిమిరితే వెంట్రుక నున్నగా ఒదుగుతుంది. తోక నుంచి తల వైపు నిమిరితే లేచి నిలబడుతుంది. కొయ్య కూడా అంతే. నార వాలు వెంట కత్తి నడిపితే పొర నున్నగా లేస్తుంది, కోసిన చోటు మెరుస్తుంది. ఎదురు నడిపితే కత్తి నారల మధ్య దూరి, మనం అనుకోని చోట చీలిక తెస్తుంది. అలా చీలినప్పుడు బలం పెంచకూడదు. వెంటనే ఆపి, కొయ్యను తిప్పి, అవతలి వైపు నుంచి కోయాలి.

ఒక సూత్రం గుర్తుంచుకుంటే చాలు. వంపు ఉన్నచోట ఎప్పుడూ ఎత్తు నుంచి పల్లానికి కోయాలి. గరిటె మెడ దగ్గర కాడ వైపు నుంచి ఒకసారి, గిన్నె వైపు నుంచి ఒకసారి దిగుతాం. రెండు కోతలూ పల్లంలో కలుసుకుంటాయి. గుంట తీసేటప్పుడు అంచు నుంచి అడుగుకు, నారకు అడ్డంగా తీస్తాం. గరిటె కాడ మాత్రం నార పొడవునే ఉండాలి. నారకు అడ్డంగా కాడ తీస్తే ఎంత అందంగా చెక్కినా ఒక్క పూట వంటకే పుటుక్కున విరుగుతుంది.

పనిముట్లు: ఐదు చాలు

నలభై ఉలుల పెట్టె చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కొత్తవాడు అందులో మూడింటిని కూడా పదునుగా ఉంచుకోలేడు. మొదటి ఆరు నెలలకు ఇవి సరిపోతాయి:

1. చేతిలో ఇమిడే, మడవని చిన్న కత్తి ఒకటి. అలుగు రెండున్నర, మూడు అంగుళాలు.
2. గుంట తీయడానికి వంకీ కత్తి, లేదా వంపు అంచున్న ఉలి ఒకటి.
3. అరంగుళం వెడల్పు తిన్నని ఉలి, దాన్ని కొట్టడానికి కొయ్య కొడతి. ఇనుప సుత్తితో కొడితే ఉలి పిడి చితికిపోతుంది.
4. చిన్న చేతి రంపం.
5. రెండు వైపులా వాడుకునే సానరాయి, దానితో పాటు అరచేతి వెడల్పు తోలు పట్టీ.

వీటికి తోడు కొయ్యను బల్లకు బిగించే క్లాంప్, ఒక పెన్సిలు, నాలుగు రకాల ఉప్పుకాగితం ఉంటే చాలు. వంకీ కత్తి బజారులో దొరకకపోతే దగ్గరలోని కమ్మరి చేసిపెడతాడు. పాత లారీ కమాను పట్టీ, అరిగిన ఆకురాయి మంచి ఉక్కు ముక్కలు. అలా చేయిస్తే కమ్మరికీ పని కల్పించినవాళ్లమవుతాం.

కరెంటుతో నడిచే మిషన్లు మొదటి ఏడాది వద్దంటాం. అవి వేలును కూడా కొయ్యలాగే కోస్తాయి. పైగా నార వాలు చేతికి తెలియకుండానే పని ముగించేస్తాయి. అప్పుడు నేర్చుకునేవాడికి మిషను నడపడం వస్తుంది గానీ చెక్కడం రాదు.

పదును పెట్టడం మొదటి పాఠం

మొండి కత్తి ప్రమాదకరం. ఇది వినడానికి వింతగా ఉన్నా నిజం. పదునున్న కత్తి చిన్న బలానికే కోస్తుంది, ఆపిన చోట ఆగుతుంది. మొండిదానికి బలం పెట్టాలి. బలం పెడితే జారుతుంది. జారిన కత్తి ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

సానరాయిని తడిపి, కదలకుండా తడిగుడ్డ మీద ఉంచాలి. కత్తి అంచున ఉన్న ఏటవాలు ముఖం రాయికి పూర్తిగా ఆనాలి. ఆ వాలు సుమారు 20 నుంచి 25 డిగ్రీలు ఉంటుంది. ఆ కోణం మారకుండా గరుకు వైపు నెమ్మదిగా రుద్దాలి. కాసేపటికి అవతలి వైపు అంచు దగ్గర ఒక సన్నని గరుకు పొర లేస్తుంది. వేలిని అంచు వెంట కాకుండా అడ్డంగా, బయటికి తుడుస్తున్నట్టు పెట్టి చూస్తే అది తగులుతుంది. ఆ పొర అంచు పొడవునా లేచిందంటే ఆ వైపు పని అయినట్టు. ఇప్పుడు రెండో ముఖం. తర్వాత నున్నని వైపు మీద రెండు ముఖాలూ. చివరికి పాలిష్ పూసిన తోలు పట్టీ మీద అంచు వెనక్కి ఉండేలా పది పదిహేనుసార్లు లాగాలి. అంచు ముందుకు నడిపితే తోలు తెగుతుంది.

పదును వచ్చిందో లేదో తెలుసుకోవడానికి మెత్తని కొయ్య ముక్క కొసను అడ్డంగా కోసి చూడాలి. కోత అద్దంలా మెరిస్తే పదును ఉంది. తెల్లటి గీతలు, నలిగిన పీచు కనిపిస్తే మళ్లీ రాయి దగ్గరికి వెళ్లాలి. పని మధ్యలో అరగంటకోసారి తోలు పట్టీ మీద లాగుతూ ఉంటే రాయి అవసరం అరుదుగా పడుతుంది. మొదటి వారమంతా పదును పెట్టడమే నేర్పినా అది వృథా కాదు.

చేతికీ కంటికీ కాపలా

ఇక్కడ రాజీ లేదు. పనికి కూర్చునేముందు చెయ్యి చాచి చుట్టూ తిప్పి చూసుకోవాలి. ఆ మేరలో పసిపిల్లలు గానీ మరెవరైనా గానీ ఉండకూడదు. కత్తి దారిలో మన వేలు, తొడ ఎన్నడూ ఉండకూడదు. రెండు కాళ్ల మధ్య కొయ్య పెట్టి కిందికి కోయడం అన్నిటికన్నా ప్రమాదం, తొడ లోపలి వైపు పెద్ద రక్తనాళం ఉంటుంది. మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, కొయ్యను మోకాళ్లకు ముందు పట్టుకోవాలి. ఉలితో పనిచేసేటప్పుడు కొయ్యను క్లాంపుతో బిగించి, రెండు చేతులూ ఉలి వెనకే ఉంచాలి.

కొయ్య పట్టిన చేతికి కోతను అడ్డుకునే తొడుగు, బొటనవేలికి తోలు ముక్క చుట్టుకోవడం మంచిది. ఉప్పుకాగితం రుద్దేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకోవాలి. కొయ్య ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. దుపట్టా, చీర కొంగు, వదులు చేతులు ముందే బిగించుకోవాలి. తెగితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి చెయ్యి పైకెత్తి ఉంచాలి. గాయం లోతైతే ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి చూడాలి, టెటనస్ ఇంజెక్షన్ సంగతి అడగాలి.

నాలుగు మెట్లు

మొదటి మెట్టు పుల్ల. బొటనవేలంత లావు కొమ్మ తీసుకుని ఒక కొసను పెన్సిల్‌లా చెక్కడం, మరో కొసను గుండ్రంగా చేయడం, మధ్యలో గాడి తీయడం. ఇది పిల్లల ఆటలా కనిపిస్తుంది. కానీ నెట్టే కోత, లాగే కోత, ఆపే కోత అన్నీ ఇందులోనే వస్తాయి.

రెండో మెట్టు అట్లకాడ. గుంట ఉండదు. సమతలం, పలుచని అంచు, చేతికి ఒదిగే కాడ, ఈ మూడే పాఠాలు.

మూడో మెట్టు గరిటె. సుమారు 10 అంగుళాల పొడవు, రెండున్నర అంగుళాల వెడల్పు, అంగుళంపావు మందం ఉన్న ముక్క మీద ముందు నడిమి గీత గీయాలి. దానికి రెండు వైపులా సమంగా ఆకారం దిద్దాలి. బయటి ఆకారం కోసేయకముందే గుంట తీయాలి, అప్పుడైతే పట్టుకోవడానికి చుట్టూ కొయ్య ఉంటుంది. తర్వాతే వీపు చెక్కాలి. బొటనవేలు లోపల, చూపుడువేలు బయట పెట్టి తడిమితే గోడ ఎక్కడ మందంగా ఉందో తెలుస్తుంది. కొలబద్ద కన్నా ఆ రెండు వేళ్లే నమ్మకం. కొయ్య పూర్తిగా ఆరాక ఉప్పుకాగితం 80 నుంచి మొదలుపెట్టి 120, 180, 220 వరకు వెళ్లాలి. ఒకసారి నీళ్లతో తడిపి ఆరబెడితే పీచు లేస్తుంది. దాన్ని మళ్లీ రుద్దితే ఇక లేవదు. ఉప్పుకాగితం పట్టాక మళ్లీ కత్తి పెట్టకూడదు, కొయ్యలో చిక్కుకున్న ఇసుక రేణువులు పదును తీసేస్తాయి.

చివరికి నూనె. అవిసెనూనె పలుచగా పట్టించి, మిగులు తుడిచి, కొన్ని రోజులు ఆరనివ్వాలి. రంగుల దుకాణంలో 'బాయిల్డ్' పేరుతో అమ్మేది వంటసామానుకు వద్దు, త్వరగా ఆరడానికి అందులో లోహపు రసాయనాలు కలుపుతారు. అవిసెనూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. వాటిని విప్పి ఆరుబయట పరిచి ఆరనిచ్చాకే పారేయాలి.

నాలుగో మెట్టు పలక మీద నగిషీ. ఎనిమిది కోణాల నక్షత్రం, ఒక ఆకు వంటి సులువైన నమూనాలు తీసుకోవాలి. గీత వెంట ముందు ఉలిని నిలువుగా దింపి హద్దు కోయాలి. తర్వాత హద్దు బయటి కొయ్యను పొరలు పొరలుగా దించాలి. హద్దు కోయకుండా దించితే చీలిక నమూనాలోకి దూరిపోతుంది.

ఈ మెట్లన్నీ ఎక్కినవారికి మన ఇళ్లలోనే ఒక గొప్ప నమూనా ఉంది. అది ఖురాన్ చదివేటప్పుడు గ్రంథాన్ని ఉంచుకునే రెహల్. పాత పద్ధతి రెహల్‌కు మేకు లేదు, జిగురు లేదు, కీలు లేదు. ఒకే పలక. నడుమ ఉండే కీలు పళ్లను రెండు వైపుల నుంచీ చెక్కి, పలక మందాన్ని రెండు కొసల నుంచి రంపంతో కీలు వరకు చీలుస్తారు. అప్పుడు ఒకే పలక రెండు రెక్కలై తెరుచుకుంటుంది. ఈసారి రెహల్ తెరిచినప్పుడు ఆ కీలును ఒకసారి పరిశీలనగా చూడండి.

నేర్పే పద్ధతి గురించి

ఉపాధ్యాయులుగా మాకు ఈ మెట్ల వరుస మీద ప్రత్యేకమైన పట్టింపు ఉంది. 19వ శతాబ్దంలో స్వీడన్‌లోని నేస్ అనే చోట ఒట్టో సాలోమన్ ఉపాధ్యాయులకు 'స్లాయిడ్' అనే చేతిపని విద్య నేర్పేవారు. కత్తితో చేసే చిన్న వస్తువుతో మొదలుపెట్టి, ఒక్కో వస్తువులో ఒక్కో కొత్త కోత చొప్పున కష్టం పెంచుకుంటూ పోవడం ఆ పద్ధతి. వడ్రంగులను తయారుచేయడం దాని ఉద్దేశం కాదు. ఓర్పు, కొలత, కంటికీ చేతికీ పొందిక పిల్లలకు అలవాటు చేయడమే ఉద్దేశం. మన దేశంలో 1937లో వార్ధా సమావేశం తర్వాత గాంధీజీ నయీ తాలీం చేతిపనిని చదువు నడిబొడ్డున పెట్టింది. 2020 జాతీయ విద్యా విధానం కూడా 6 నుంచి 8 తరగతుల పిల్లలు పది రోజుల పాటు సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి వంటివారి దగ్గర పని నేర్చుకోవాలని చెబుతోంది. ఊళ్లో ఒక్క ఉస్తాద్ ఉన్నా ఆ పది రోజులకు అర్థం వస్తుంది.

దాతలకు మా మనవి

మొదట ఒక నిజం చెప్పాలి. కొయ్య చెక్కడం ఆరు నెలల్లో ఇల్లు నడిపే ఆదాయం ఇవ్వదు. తలుపుల మీది డిజైన్లను ఇప్పుడు కంప్యూటర్ మిషన్లు గంటల్లో తీస్తున్నాయి. ఆ పనిలో వాటితో పోటీపడితే చేతిపనివాడు ఓడిపోతాడు. వంపు తిరిగిన చెంచా, ఒకే ముక్కలో గిన్నె, అడిగినవారి చేతికి తగినట్టు చేసిన గరిటె వంటి చోట్ల చేతికి ఇంకా విలువ ఉంది. కాబట్టి ఉన్న చదువు, ఉన్న పని మానుకోకుండా పక్కన నేర్చుకోమనే మేము చెబుతాం. ఇల్లు కదలలేని ఆడవాళ్లకు ఇది ప్రత్యేకంగా అనువైనది. కత్తిపనికి గడప చాలు, చప్పుడు ఉండదు, కరెంటు అక్కర్లేదు.

ప్రభుత్వ సాయం లేకపోలేదు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తులవారికి వర్తిస్తుంది. వడ్రంగులు, సంప్రదాయ బొమ్మల తయారీదారులు అందులో ఉన్నారు. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం, తొలి విడతగా లక్ష రూపాయల రుణం, అది తీర్చాక రెండో విడతగా 2 లక్షల రుణం 5 శాతం వడ్డీకి ఇస్తారు. 18 ఏళ్లు నిండి ఉండాలి, కుటుంబానికి ఒకరికే అవకాశం. అయితే ఆ పథకం ఇప్పటికే వృత్తిలో ఉన్నవారి కోసం. ఇంకా ఉలి పట్టనివారు దాని గడప తొక్కలేరు. నేర్చుకోవడానికీ వృత్తిదారు అనిపించుకోవడానికీ మధ్య ఏడాదో రెండేళ్లో ఖాళీ ఉంటుంది. పిల్లలు జారిపోయేది ఆ ఖాళీలోనే. దాత చెయ్యి అందించవలసిందీ అక్కడే.

ఆ సాయం ఎలా ఉండాలంటే:

మిషను కన్నా ముందు పైన చెప్పిన ఐదు పనిముట్ల సంచి ఇవ్వండి. సానరాయి లేని సంచి సగం సంచే.

ఉస్తాద్ గౌరవ వేతనం భరించండి. పనిముట్లు ఒక్కరోజులో పంచవచ్చు. నేర్పడానికి వారానికి రెండుసార్లు చొప్పున ఏడాది పడుతుంది. ఫోటోలో కనిపించని ఖర్చు ఇదే, ఫలితం తెచ్చేదీ ఇదే.

పాడయ్యే కొయ్యకు కూడా డబ్బు కేటాయించండి. మొదటి పది గరిటెలు అమ్మకానికి కావు. వాటిని నష్టంగా లెక్కవేస్తే పిల్లవాడు భయపడి చెయ్యి ముడుచుకుంటాడు.

పదకొండో గరిటెను గిట్టుబాటు ధరకు మీరే కొనండి. పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో ఇచ్చే కానుకల్లో ఒక కొయ్య గరిటెల జత చేర్చండి. బేరం మాత్రం ఆడకండి.

పని కుదిరినవారికి విశ్వకర్మ దరఖాస్తు, చేతివృత్తులవారికి కేంద్రం ఇచ్చే పహచాన్ కార్డు కాగితాలు నింపిపెట్టే ఒక చదువుకున్న యువకుణ్ణి ఏర్పాటు చేయండి. అలాంటివారు మన మధ్య ఎందరో ఉన్నారు.

స్థలం ఉన్న దాతలు నాలుగు అంకుడు మొక్కలు, నాలుగు వేప మొక్కలు నాటించండి. ఈ విద్య చెట్టును నరకడంతో మొదలవుతుంది కాబట్టి నాటడంతోనే దాని లెక్క సరిపోతుంది.

నేర్చుకునేవారికి ఒక్క మాట. ఈ వారం జానెడు మెత్తని కొయ్య, చిన్న కత్తి, సానరాయి సంపాదించండి. ముందు రాయి దగ్గర కూర్చోండి. కోసిన చోటు మెరిసేదాకా పదును పెట్టండి. ఆ తర్వాత పుల్ల చెక్కండి. గరిటె సంగతి వచ్చే నెల చూసుకోవచ్చు.